అల్లూరు రొయ్యల దొంగతో పులికాటు దాకా

మా భారతి వదిన మెడలో బైనాక్యులర్స్ వేసుకున్న రోజు నుంచి ఆమె మంగళసూత్రం ఎవరికీ కనపడలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. ఇక రోజంతా మా అన్నకు లెక్కలు చెబుతుందేమోనని ఇంటిల్లిపాదీ భయపడ్డాం. అదృష్టం కొద్దీ, పొద్దున్నే నడకకు వచ్చే స్నేహితురాలెవరో ఆమెకు పక్షుల పిచ్చి అంటించారు. అప్పటి నుంచి నిజామాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో ఆమె హాజరు తీసుకోని బాతు లేదు.

నాకు నిజామాబాద్‌లోనే టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు కుడతాను. పక్షుల గురించి నాకు తెలిసిందల్లా, జాకెట్టు వీపు మీద నెమలిని కుట్టడానికి చాలా టైం పడుతుందనే. అయినా మార్చి మొదట్లో, పెళ్ళిళ్ల బట్టలు వచ్చి పడకముందే, వదిన నన్ను నెల్లూరు తీరానికి తోడు తీసుకుపోయింది.

“చలికాలం గడుపుదామని ఉత్తరం నుంచి వచ్చిన పక్షులన్నీ ఇప్పుడు వాపస్ పోతయి సుగుణా. పోయే ముందు కడుపు నిండ తిని, కొత్త ఈకలు తొడుక్కుంటయి. ఇప్పుడు చూడకపోతే మళ్ళ వచ్చే చలికాలమే,” అంది.

కొత్త బట్టలు తొడుక్కుని ఊరికి పోయేవాళ్ళంటే నా వృత్తికి దగ్గరి విషయమే కదా అని ఒప్పుకున్నాను. మా అన్న తానే టికెట్లు బుక్ చేసి, స్టేషన్‌కు వచ్చి, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ప్రేమ అని వదిన అంటుంది. మేం దిగి వెనక్కి వస్తామేమోనన్న అనుమానమని నేనంటాను.

నెల్లూరులో కారం

స్టేషన్ బయట మా కోసం మస్తాన్ తన పాత వ్యాన్‌తో ఎదురు చూస్తున్నాడు. సూళ్లూరుపేట మనిషి. వదిన ఫోన్‌లోనే మూడు రోజులకు మాట్లాడి పెట్టుకుంది. వ్యాన్ తలుపు తీయగానే గుప్పున నిమ్మకాయల వాసన వచ్చింది. సవారీలు లేని రోజుల్లో గూడూరు మార్కెట్ నుంచి తన బావగారి నిమ్మకాయలు తోలుతాడట. ఏసీ ఉందా అని అడిగితే, “ఈ వాసన ఉండంగా ఏసీ ఎందుకక్కా,” అన్నాడు.

దారిలోనే అసలు సంగతి అడిగేశాడు. “పక్షులు చూసేదానికి అంత దూరం నించి వచ్చినారా? మీ ఊర్లో లేవా?”

“ఉన్నయి. ఇవి వేరే,” అంది వదిన.

“మా ఊరికి జనం రాకెట్ చూసేదానికి వస్తారు. దానికొక అర్థముంది. ఒకసారి పైకి పోయిందంటే మళ్ళీ రాదు. పక్షులదేముంది, ఏటా వస్తానే ఉంటాయి గదా?”

ముప్ఫై ఏళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పిన వదిన దీనికి మాత్రం కిటికీలోంచి బయటికి చూసింది.

నెల్లూరులో మొదటి పని కారం దోశ తినడం. మాకు కారం తినడం తెలుసనే గర్వం ఒకటి ఉండేది. మా వైపు కారం పచ్చిమిరపకాయలో ఉంటుంది, కనిపిస్తుంది, జాగ్రత్త పడొచ్చు. ఇక్కడ ఎర్రగా పూసి, పైన నెయ్యి వేసి, చుట్టి, మర్యాదగా ప్లేటులో పెట్టి తెస్తారు. మా ఊళ్ళో ప్లేటు ఇడ్లీకి ఇచ్చేంత ఇస్తే చాలు, మధ్యాహ్నం దాకా నాలుక మండే ఏర్పాటు చేస్తారు. నేను నీళ్ళ గ్లాసు అందుకోబోతే సర్వర్ గాభరాగా వచ్చాడు.

“నీళ్ళు తాగబాకండమ్మా! ఇంకా మండుద్ది. రొంత చక్కెర నోట్లో ఏసుకోండి.”

‘తాగబాకండి’ అన్న మాట మా ఇద్దరికీ భలే నచ్చింది. వద్దు అని చెప్పడంలో కూడా బుజ్జగింపు ఉంది. ఆ తర్వాత మూడు రోజులూ ఆ మాట మాకు చాలాసార్లు వినిపించింది. ఎక్కువగా వదినకే.

అల్లూరు గట్ల మీద

అల్లూరు చేరేదాకా రోడ్డుకు రెండు వైపులా వరి. ఊరు దాటాక వరి తగ్గి రొయ్యల గుంటలు మొదలయ్యాయి. ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో గట్లు. నీళ్ళల్లో గాలి కలిపే చక్రాలు తెల్లగా నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఒకచోట నీళ్ళు తీసేసిన ఖాళీ గుంట ఉంది. వదిన “ఆపు, ఆపు!” అని మస్తాన్ భుజం పట్టుకుంది.

“అటు చూడు సుగుణా, బురద మీద.”

“బురదే కనవడుతుంది వదినె.”

“ఆ బురద నడుస్తలేదా?”

నిజమే, నడుస్తోంది. బైనాక్యులర్స్‌లోంచి చూస్తే బురద రంగు చిన్న పిట్టలు గుంపుగా పరుగెత్తుతూ, ముక్కులు కుట్టు మిషన్ సూదుల్లా టకటకా బురదలో దించుతున్నాయి. ఉల్లంకి పిట్టలట. కొన్నింటి పొట్టలు అప్పుడే ఇటుక రంగుకు తిరుగుతున్నాయి. అదే ప్రయాణపు దుస్తులట. ఇంత చిన్న ప్రాణులు హిమాలయాలు దాటి పోతాయని వదిన చెబితే నేను నమ్మలేదు. నిజామాబాద్ నుంచి కామారెడ్డి పోవడానికే మాకు దారిలో టీ కావాలి.

ఇంతలో ఢామ్మని టపాసు పేలింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, గాలిలో మెలి తిరిగి, మాయమయ్యాయి. వదిన మొహం చూసి మస్తాన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఎవరయ్యా అది?” అంటూ ఆమె పక్క గుంట గట్టెక్కింది. అవతల లుంగీ పైకి కట్టిన ఒక మనిషి చేతిలో ఇంకో టపాసుతో నిలబడి ఉన్నాడు. వదిన కంటే గట్టిగా ఆయన అరిచాడు.

“ఆడే ఆగండమ్మా! చెప్పులతో గట్టెక్కబాకండి!”

ఆయన పేరు దేవదానం. ఆ గుంటలు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతున్నాడు. కోపం దిగాక నింపాదిగానే మాట్లాడాడు. పోయిన పంటకు తెల్లమచ్చల రోగం వచ్చి, తెల్లారేసరికి రొయ్యలన్నీ నీళ్ళ మీద తేలాయట. ఈ పంట బాగుంది. ఈ వారంలోనే పట్టుబడి, అంటే వల వేసి అంతా పట్టేయడం.

“రోగం ఎట్టా వచ్చిందంటే ఏం చెప్పేది? పక్క గుంటలో చచ్చిన రొయ్యని ఏ కొంగన్నా నోట కరుచుకొచ్చి ఈడ పడేసినా చాలు. మీ కాళ్ళకంటిన బురదైనా చాలు. ఈ నాలుగు రోజులు గడిస్తే గండం గట్టెక్కినట్టే.”

“అవన్నీ కొంగలు కావండీ. నీటికాకులున్నయి, సీగల్స్ ఉన్నయి...”

“దొంగతనానికి వచ్చినోడి ఇంటిపేరు నాకెందుకమ్మా?” అన్నాడు దేవదానం.

నాకు నవ్వొచ్చింది. వదినకు రాలేదు, ఎందుకంటే ఆమె అప్పటికే ఆయన వెనక ఏదో చూస్తోంది. పక్షులు దిగకుండా గుంట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి నైలాన్ దారాలు లాగి కట్టారు. నడుమ ఒకచోట తెల్లటిదేదో వేలాడుతోంది. గాలికి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరనుకున్నాను. కవరు రెక్క కొట్టుకుంది.

గుంట నడుమ

“సీగల్,” అంది వదిన. “రెక్కకు దారం చుట్టుకుంది. దాన్ని తియ్యాలె.”

దేవదానం తల అడ్డంగా ఊపాడు. తీయడానికి గుంటలోకి తెప్ప వేయాలి, నీళ్ళు కదిలితే రొయ్యలు బెదురుతాయి. బయటి మనుషుల్ని అసలు దింపడు. ఆయన మాటల్లో తప్పేమీ లేదు. అదే అసలు ఇబ్బంది. తప్పుంటే వదిన ఎప్పుడో గెలిచేది.

ఆ సమయానికి ఆయన భార్య సలోమి క్యారేజీ పట్టుకుని వచ్చింది. సంగతి వినగానే ఆమె మా వైపు తిరిగింది. “పొద్దుట్నించీ కొట్టుకుంటా ఉంది అక్కా. నేను చెప్తానే ఉండా. అన్నం ముందర కూర్చుంటే అదే కనపడతా ఉంది. నాకు ముద్ద దిగలా.”

“తీస్తే ఏమవుద్ది? రేపు మళ్ళీ ఈడికే వస్తది,” అన్నాడు ఆయన.

“రాదు,” అంది వదిన. “మేం తీసుకపోతం. పులికాటు కాడ విడుస్తం.”

‘మేం’ అన్న మాటలో నేను కూడా ఉన్నానని తెలియడానికి నాకు కొంచెం టైం పట్టింది. దేవదానం ఆలోచించాడు. పులికాటు అక్కడికి ఎంత దూరమో మస్తాన్‌ను అడిగాడు. దూరం ఆయనకు నచ్చింది.

“అట్టయితే సరే. దారిలో యాడా దించబాకండి. మా జిల్లా దాటిస్తే ఇంకా మంచిది.”

తెప్ప అంటే థర్మాకోల్ దిమ్మలు కట్టిన పలక. దాని మీద నిలబడి రొయ్యలకు మేత చల్లుతారు. దేవదానం తాడు లాగాలి, ఇంకొకరు పక్షిని పట్టుకోవాలి. ఆయన తెప్పను చూశాడు, వదినను చూశాడు, మళ్ళీ తెప్పను చూశాడు. తర్వాత చాలా మర్యాదగా నా వైపు తిరిగి, “మీరైతే తేలిగ్గా ఉండారు అక్కా,” అన్నాడు. వదిన ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేదు.

గులాబీ రంగు మందు కలిపిన నీళ్ళు బకెట్‌తో తెచ్చి, నా కాళ్ళు మోకాళ్ళ దాకా ఆయనే పోసి కడిగించాడు. వేళ్ళ సందులు కూడా వదలలేదు. సలోమి నవ్వు ఆపుకోలేక, “పెళ్ళయిన ఇన్నేళ్ళల్లో చర్చికి పొయ్యేటప్పుడు కూడా ఈ మనిషి తన కాళ్ళు ఇంత బాగా కడుక్కోలేదు,” అంది.

తెప్ప కదిలింది. నాకు ఈత రాదు. గోదావరి పుష్కరాల్లో కూడా చెంబుతోనే స్నానం చేసినదాన్ని. తెప్ప ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా గట్టు మీద నుంచి దేవదానం, “పడబాకండి అక్కా, పడబాకండి!” అని ప్రాణం పోయినట్టు అరుస్తున్నాడు. ఆ ఆదుర్దా నా కోసం కాదనీ, నా చీరకున్న నిజామాబాద్ దుమ్ము కోసమనీ నాకు తెలుసు.

దగ్గరికి పోయాక చూస్తే పక్షి నేననుకున్న దానికంటే పెద్దది. ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్ళు. తువ్వాలు కప్పబోతే నా బొటనవేలు కొరికింది. రక్తం వచ్చింది. రెండోసారి కప్పాను. ఈసారి నా జాకెట్టు మీద రెట్ట వేసి, ఆ తర్వాత కదలకుండా ఉండిపోయింది. అలిసిపోయిందో, నన్ను నమ్మిందో చెప్పలేను. అలిసిపోయే ఉంటుంది.

నా చేతిసంచిలో దారాలు తుంచే చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. దారం ఈకల్లోకి దిగి, చర్మాన్ని కోసి, బిగుసుకుపోయి ఉంది. బిగుతయిన జాకెట్టు కుట్టు విప్పేటప్పుడు బట్ట చిరగకూడదు. తొందరపడితే గుడ్డ పోతుంది. అలాగే ఒక్కో పోగూ వేలితో లేపి తుంచాను. ఎడమ అరచేతి కింద దాని గుండె కొట్టుకుంటోంది. అంత వేగంగా కొట్టుకునేది దేన్నీ నేను అంతకుముందు పట్టుకోలేదు. తల అక్కడక్కడ తెల్లగా, అక్కడక్కడ కాఫీ రంగులో ఉంది, హెయిర్ డై సగంలో ఆపేసినట్టు. లడాఖ్ వైపు పోయి గుడ్లు పెట్టే జాతి ఇది, పోయే ముందు తలంతా కాఫీ రంగు అవుతుందని తర్వాత వదిన చెప్పింది. ఆ క్షణంలో నాకు అవేమీ తెలియవు. ఇది తయారవుతూ ఉందనీ, తయారవడం పూర్తి కాకముందే ఇక్కడ చిక్కుకుందనీ మాత్రం అర్థమైంది. చివరి పోగు తెగేసరికి నా కళ్ళల్లో నీళ్ళున్నాయి. వేలి నొప్పి వల్లనే అని వదినకు చెప్పాను.

గట్టు మీద సలోమి నా వేలికి పసుపు పెట్టింది. దేవదానం వంగి పక్షిని ఎగాదిగా చూశాడు. “ఎన్ని రొయ్యలు తినింటావే నువ్వు,” అన్నాడు దానితో. అప్పుడు మాత్రం కొంగ అనలేదు.

అల్లూరు పశువుల ఆస్పత్రిలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ ఉంది. గేదెకు ఇంజెక్షన్ ఇస్తున్నదల్లా మా బుట్టలోకి చూసి నవ్వింది. మస్తాన్ నిమ్మకాయల బుట్టే మా అంబులెన్స్. ఎముక విరగలేదంది, గాయం కడిగి మందు పూసింది. “తింటే బతుకుతుంది. రేపటికి కూడా తినకపోతే కష్టం,” అంది. పులికాటు దగ్గరి ఫారెస్ట్ ఆఫీసుకు ఆమే ఫోన్ చేసి చెప్పింది, మర్నాడు తీసుకొచ్చి చూపించమన్నారు. నా వేలికి టీటీ ఇంజెక్షన్ మనుషుల ఆస్పత్రిలో వేయించుకోమని పంపించింది. అది కూడా అయింది.

గూడూరులో శుద్ధ శాకాహారి

సాయంత్రానికి గూడూరు చేరాం. నిమ్మకాయల మార్కెట్‌లో పచ్చటి, పసుపు పచ్చటి గుట్టలు. మా ఊళ్ళో నిమ్మకాయను ఒక్కోటి నొక్కి చూసి, బేరమాడి, మూడు కొంటాం. ఇక్కడ పారతో ఎత్తుతున్నారు. నేను అలవాటు కొద్దీ ఒకటి తీసి నొక్కితే మస్తాన్ బావగారు, “బస్తా మొత్తం నొక్కుతారా అక్కా?” అని అడిగి, ఊరికే ఇచ్చిన కాయలతో నా సంచి నింపేశాడు.

మేం దిగిన లాడ్జి ఎదుట ‘శుద్ధ శాకాహారం’ అని పెద్ద బోర్డు. కౌంటర్ వెనక ఇంకో బోర్డు: మాంసాహారం, పెంపుడు జంతువులు గదుల్లోకి తేరాదు.

“పెంచుతలేం కదా,” అని గొణిగింది వదిన. పిల్లలు ఒక్క మార్కు కోసం వాదిస్తే ఒప్పుకోని మనిషి.

మేనేజరు నుదుటన విభూతి పెట్టుకున్న పెద్దాయన. మా ఆధార్ కార్డులు చూస్తుండగా బుట్టలోంచి ‘క్రా’ అని వినిపించింది. వదిన వెంటనే దగ్గింది. మళ్ళీ ‘క్రా’. వదిన ఇంకా గట్టిగా దగ్గింది.

“గొంతు బాగా పట్టేసినట్టుందే అమ్మా,” అన్నాడాయన జాలిగా. “నిమ్మరసంలో ఉప్పేసుకుని తాగండి. బుట్టెడు తెచ్చుకున్నారు గదా.”

గదిలో స్నానాలగది దానికి ఇచ్చేశాం. మస్తాన్ మార్కెట్‌లో చిన్న చేపలు కొని, నాలుగు కవర్లలో చుట్టి తెచ్చాడు. పక్షి తినలేదు. ప్లేటులో పెట్టాం, తినలేదు. ముక్కు ముందు ఆడించాం, మొహం తిప్పుకుంది. “తిను!” అంది వదిన క్లాసు గొంతుతో. నేనే తినేద్దామా అన్నంత భయం వేసింది కానీ అది తినలేదు. మూలన ఒదిగి, ఒక రెక్క జారేసి, కళ్ళు సగం మూసుకుంది. డాక్టరమ్మ మాట ఇద్దరికీ గుర్తుంది. వదిన మూత మూసిన కమోడ్ మీద కూలబడిపోయింది.

“అక్కడ్నే విడిస్తే సలోమి అయినా చూసుకునేదేమో. పెద్ద మొనగత్తె లెక్క తీసుకొచ్చిన,” అంది. వదిన తన నిర్ణయాన్ని తానే తప్పు పట్టడం నేను అంతవరకూ వినలేదు. ఆటపట్టించడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. నేను కవర్లోంచి ఇంకో చేప తీశాను.

అప్పుడే తలుపు దబదబా మోగింది. నేను ఉలిక్కిపడ్డాను, చేతిలో చేప జారి నీళ్ళ బకెట్‌లో పడింది. వదిన తలుపు తీసింది. మేనేజరు పంచె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏందమ్మా ఈ కంపు? మెట్ల దాకా వస్తా ఉంది! మీరు చూస్తే పెద్దమనుషుల్లాగా ఉండారు...”

ఆయన మాట మధ్యలో నా వెనక టపుక్కుమని చప్పుడైంది. సీగల్ బకెట్ అంచు మీద ఉంది. మెడ సాచి, నీళ్ళల్లో ముక్కు ముంచి, చేపను పైకెత్తి, ఒక్క గుటకలో మింగింది.

నేను ఇంకో చేప బకెట్‌లో వేశాను. అదీ పోయింది. వదిన మేనేజరు చెయ్యి పట్టుకుని, “తింటుంది! చూడండి, తింటుంది!” అని ఊపేస్తోంది. మూడో చేపకు ఆయన పంచె కొంగు ముక్కు మీద నుంచి జారిపోయింది.

“ఇంకోటి ఎయ్యండి చూద్దాం,” అన్నాడు.

కవరు ఖాళీ అయ్యాక ఆయనకు తన ఉద్యోగం గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని, “రేపు దీనికి ఉప్మా పెట్టి చూడండమ్మా, అలవాటైతే తింటది,” అని చెప్పి వెళ్ళాడు. కాసేపటికి అగరుబత్తీల కట్ట పంపించాడు.

దేవదానం ఫోన్ వచ్చింది. “బతికుందా అమ్మా?” అని అడిగాడు. ఉందనగానే, “రేపు మా పట్టుబడి. అది వెనక్కి రాదు గదా?” అన్నాడు. పక్క నుంచి సలోమి, “ముందు తినిందో లేదో అడగవయ్యా,” అనడం వినిపించింది.

సూళ్లూరుపేట దాటాక

మర్నాడు సూళ్లూరుపేట దగ్గర పడేకొద్దీ హోటళ్ళ బోర్డుల మీద తెలుగు పక్కన తమిళం కనిపించింది. మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు తిన్నాం. నిన్న వండి, ఇవాళ తినాలట. మా ఇంట్లో నిన్నటి కూర పెడితే మా ఆయన మొహం మాడ్చుకుంటాడు. ఇక్కడ దానికి ఎక్కువ ధర. మూడో చేప ముక్క వేసుకుంటుంటే బుట్టలో కూర్చున్న పక్షి రుచి మీద నాకు అంతవరకూ లేని గౌరవం కలిగింది.

ఫారెస్ట్ ఆఫీసు నుంచి ఒకాయన మాతో వచ్చాడు. రెక్క సాగదీసి చూసి, “ఎగరొచ్చు. ఎగరకపోతే మాత్రం జూకి పంపాల. అక్కడ తిండికేం లోటుండదు,” అన్నాడు. తిండికి లోటు లేని ఆ చోటంటే బతికినన్నాళ్ళూ బోనేనని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

పులికాటు సరస్సు నడుమ నుంచి రోడ్డు పోతుంది. రెండు పక్కలా నీళ్ళు వెనక్కి తగ్గి, ఉప్పు తేలిన బురద మెరుస్తోంది. దూరంగా నీళ్ళ అంచున లేత గులాబీ రంగు గీత. మస్తాన్ వ్యాన్ ఆపి, “అవే అక్కా మీ ఫ్లెమింగోలు,” అన్నాడు. వేలకు వేలు. తలలు ముంచి తింటున్నాయి. కొన్ని లేస్తే రెక్కల కింద ఎరుపు భగ్గుమంటోంది. వదిన ఈ దృశ్యం కోసం ఏడాదిగా కలలు కంటోంది. అటు ఒక్కసారి చూసి, “ఆ, బాగున్నయి,” అని బుట్ట వైపు తిరిగింది.

గట్టి నేల చూసి బుట్ట తెరిచాం. మా దొంగ బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. నాలుగడుగులు నడిచింది. నడిచి, బురద అంచున కూర్చుంది.

ఎదురు చూశాం. ఎండ చురుక్కుమంటోంది. దూరంగా నీళ్ళల్లో దాని జాతివే గుంపుగా ఉన్నాయి. ఇది వాటిని చూస్తోంది, కదలదు. ఫారెస్ట్ ఆయన గడియారం చూసుకున్నాడు. ఎక్కడి నుంచో ఎర్రటి గద్ద ఒకటి వచ్చి తిరగడం మొదలుపెట్టింది. ప్రతి చుట్టుకూ కిందికి దిగుతోంది.

“హేయ్!” అంది వదిన. గద్ద వినలేదు. వదిన చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, చేతులూపుతూ ఆ బురదలోకి నడిచింది.

“పోబాక అక్కా! దిగబడతావు!” అని మస్తాన్ అరిచేసరికే ఆమె దిగబడిపోయింది. ముందు చీలమండలు, తర్వాత మోకాళ్ళు. కాలు లాగితే ఇంకో కాలు లోతుకు పోతోంది. నేనూ మస్తాన్ గట్టి అంచున నిలబడి చేతులు చాపాం. ఆమె మా వైపు తిరిగి చేతులందించింది. లాగుతున్నాం. ఆమె మొహం మా వైపు, వీపు సరస్సు వైపు.

ఆమె భుజం మీదుగా నేను చూశాను. గద్ద కాళ్ళు చాపి కిందికి జారింది. సీగల్ ఒక్క అరుపు అరిచి, లేచింది.

ఆ సంతోషంలో నేను చేసిన మొదటి పని వదిన చెయ్యి వదిలేసి “ఎగిరింది!” అని చప్పట్లు కొట్టడం. ఆమె బురదలో చతికిలపడింది.

“ఎగిరిందా? ఎక్కడ? ఎటు?” మొహం మీద బురదతో, వెనక్కి తిరగలేక, మెడ మాత్రం తిప్పుతోంది. మేం మళ్ళీ లాగి, ఆమె లేచి, కళ్ళు తుడుచుకుని, బైనాక్యులర్స్ ఎత్తేసరికి అది గుంపులో కలిసిపోయింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. తెల్లటి ఒళ్ళు, సగం మారిన తల.

వదిన ఒక్కోదాన్నే చాలాసేపు చూసింది. “ఏదే?” అంది చివరికి. నాకు తెలియదన్నాను. ఆ గుంపు కాసేపటికి లేచి, తమిళనాడు వైపు, పడవలున్న చోటికి పోయింది.

దేవదానానికి ఫోన్ చేశాం. పట్టుబడి బాగా వచ్చిందట, రొయ్య సైజు బాగుందట, గొంతులో పండగ. “ఎగిరిందండీ,” అని వదిన చెప్పగానే, “ఎటు పోయింది?” అన్నాడు.

“దక్షిణానికి.”

“దేవునికి స్తోత్రం!”

కొన్ని రోజుల్లో అది ఉత్తరానికి తిరుగుతుందనీ, అల్లూరు దారిలోనే ఉందనీ చెప్పడానికి వదిన నోరు తెరిచింది. నేను ఆమె చెయ్యి నొక్కాను. మూసుకుంది.

తిరుగు రైలు

రైలెక్కి కూర్చున్నాం. వదిన గోళ్ళల్లో పులికాటు బురద ఇంకా ఉంది. ఫ్లెమింగోలను సరిగా చూడనే లేదే అని ఓదార్చబోయాను. వాటి గురించి కాదన్నట్టు తల ఊపింది.

“ఎట్ల ఎగిరిందో చెప్పు,” అంది.

“రెక్కలు కొట్టి ఎగిరింది వదినె.”

“గట్ల కాదు. మొదటి నుంచి చెప్పు. రెండు రెక్కలు ఒక్కతీరు లేచినయా?”

నేను గుర్తు తెచ్చుకున్నాను. లేదు, దారం కోసిన రెక్క కొంచెం ఆలస్యంగా లేచింది. మొదట ఒక పక్కకు ఒరిగింది, కాళ్ళు నీళ్ళకు తగిలాయి, పడిపోయిందనే అనుకున్నాను. మళ్ళీ కొట్టింది. కాళ్ళ నుంచి బురద చుక్కలు రాలాయి. గద్ద వెనకే ఉంది. ఇది ఒక్కసారి పక్కకు కోసుకుని తిరిగింది, గద్ద ముందుకు పోయింది. అప్పుడు గాలి దాని కిందికి వచ్చింది. అది నాకు ఎలా తెలిసిందంటే, కొట్టడం ఆపేసి రెక్కలు చాపింది, అయినా పైకే పోయింది.

“ఎర్ర కాళ్ళు లోపలికి ముడిచిందా?”

“ముడిచింది. తోక కింద పెట్టుకుంది.”

“ఊఁ. మళ్ళ చెప్పు.”

టీ అమ్మే అతను వచ్చాడు, పోయాడు. కిటికీ బయట వరి చేల మీద కొంగలు లేస్తున్నాయి. ఆమె అటు చూడలేదు. నేను మళ్ళీ మొదటి నుంచి, ఒక్క రెక్కపాటూ వదలకుండా చెప్పడం మొదలుపెట్టాను. సీటుకు తల ఆనించి, కళ్ళు మూసుకుని, వదిన చూస్తోంది.